బయటి గొళ్ళెం లేని తలుపు

పెద్దకర్మ అయిన మర్నాడు మమ్మల్ని నిద్రకు తీసుకెళ్ళడానికి వినగడప నుంచి బంధువులు కారు తెచ్చారు. చావు జరిగిన ఇంటివాళ్ళు ఒక రాత్రి అయినవాళ్ళ ఇంట్లో పడుకుని రావాలి. మా వైపు అది ఆచారం. బట్టల సంచి పట్టుకుని అరుగు మీదికి వచ్చి చూస్తే ఎదురింటికి బయట తాళం వేసి ఉంది. తలుపు పక్కన గోడకు ఏదో కాగితం అంటించి ఉంది. దాన్ని ఎవరో చింపబోయి సగంలో వదిలేశారు. మిగిలిన ముక్క మీద 'స్వాధీనం చేసుకుంటాము' అన్న మాట ఇంత దూరానికీ కనబడుతోంది.

అంతలో ఆ తాళం వేసిన ఇంట్లో కుక్కరు కూత వేసింది. కూత పూర్తికాకముందే ఎవరో స్టవ్ ఆపేశారు.

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. చనిపోయింది మా మేనత్త. ఆ కూత విని ఉంటే ఆవిడ ఏం చేసేదో నాకు తెలుసు. ఎందుకంటే మా చిన్నప్పుడు ఒక వేసవి అంతా మేమూ అలా బయట తాళం వేసుకున్న ఇంట్లోనే బతికాం.

మా నాన్న మామిడి తోటలు గుత్తకు తీసుకునేవాడు. పూత చూసి తోట మాట్లాడుకోవడం, కాయ దింపి అమ్ముకోవడం, రైతుకు ఒప్పుకున్నది కట్టడం. పూత చూసి కాపు అంచనా కట్టడంలో తనంతటివాడు లేడని నాన్న నమ్మకం. ఎ.కొండూరు వైపు పెద్ద తోటలు పట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టి సహకార బ్యాంకులో అప్పు తెచ్చాడు. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు గాలివాన వచ్చింది. మరుసటి ఏడూ వచ్చింది. వాయిదాలు ఆగిపోయాయి.

బ్యాంకు నుంచి రిజిస్టరు ఉత్తరాలు రావడం మొదలైంది. నాన్న అందుకునేవాడు కాదు. కాగితం చేతిలో పడితేనే అది మెడకు చుట్టుకుంటుందని, అందుకోకపోతే బ్యాంకువాళ్ళు ఏమీ చేయలేరని ఆయనకు ఎవరో చెప్పారు. మా వీధిలో చాలామంది అదే నమ్మేవారు. పోస్టుమాన్ గొంతు వినపడగానే నాన్న పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. తర్వాత అదీ చాలక, పొద్దున్నే ముందు తలుపుకు బయట తాళం వేసి, పక్కింటివాళ్ళ గొడ్లపాకలోంచి చుట్టూ తిరిగి పెరటి తలుపున లోపలికి రావడం మొదలుపెట్టాం.

మాకు కొన్ని నియమాలు ఉండేవి. వీధి వైపు కిటికీ తెరవకూడదు. గట్టిగా నవ్వకూడదు. రేడియో నాన్న చెవికి మాత్రమే వినపడాలి. నాకూ తమ్ముడికీ మొదట్లో ఇదంతా ఆటలాగే ఉండేది. మా ఇంట్లోకి దొంగదారి ఉందని తమ్ముడు బళ్ళో చెప్పి, చూపిస్తానని చెప్పి పిల్లల దగ్గర ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు వసూలు చేశాడు. ఒకరోజు తలకు తువ్వాలు చుట్టుకుని వాడే బ్యాంకు ఆఫీసరై లోపలి నుంచి తలుపు బాదాడు. మధ్య గదిలో అన్నం తింటున్న నాన్న ముద్ద పళ్ళెంలో వదిలేసి లేచి నిలబడ్డాడు. అప్పుడు ఆయన ముఖం చూశాను. ఆ తర్వాత అది ఆట అనిపించలేదు.

బ్యాంకు సూపర్‌వైజరు సైకిలు మీద వచ్చేవాడు. పొడుగాటి మనిషి, మాట నెమ్మది. అరుగు మీద ఆడుకుంటున్న నన్ను అడిగేవాడు.

"నాన్నేడమ్మా?"

"నెమలి వెళ్ళాడండి. ఆ ఊరి గుడికి."

"నిన్న కూడా నెమలేగా?"

"నిన్న వెళ్ళి ఇంకా రాలేదండి."

"అంత భక్తుడు మా బ్యాంకుకెందుకు వచ్చాడో! ఆ వేణుగోపాలస్వామినే అడిగితే సరిపోయేది."

పక్క అరుగుల మీద వాళ్ళు నవ్వేవారు. నాకు చెవులు వేడెక్కేవి. ఇల్లు పోతుందన్న మాట ఇంట్లో ఎవరూ నాతో అనలేదు. అది ఆ నవ్వుల్లోంచే నాకు తెలిసింది.

ఆవకాయ రోజులు వచ్చాయి. ఏటా ఆ పనికి మేనత్త వచ్చేది. నాన్న కంటే పెద్దది. భర్త పోయాక అత్తగారి ఊళ్ళో ఒక అద్దె గదిలో ఉండేది. అంతకుముందు వాళ్ళకు సొంత ఇల్లు ఉండేదట. అదెలా పోయిందో మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. బస్సు దిగి ట్రంకుపెట్టెతో వచ్చి, తాళం చూసి, అరుగు మీద కూర్చుంది. తమ్ముడు వెళ్ళి గొడ్లపాకలోంచి తీసుకొచ్చాడు. పేడ అంటిన కాళ్ళతో పెరట్లోకి వచ్చిన అత్తయ్య అమ్మ వంకా నాన్న వంకా చూసి, "నీళ్ళు కాగాయా?" అని మాత్రం అడిగింది.

అప్పు ఆగుతుంది గానీ మామిడికాయ ఆగదు. మరుసటి రోజే ఆవకాయ మొదలైంది. అత్తయ్య కాయలు కొడుతూనే మధ్య మధ్య ముక్కలకు కారం పట్టిస్తోంది. అమ్మ టెంకలోని జీడి తీసి ముక్కలు తుడుస్తోంది. ఆవపిండి ఘాటుకు మా కళ్ళల్లో నీళ్ళు. కిటికీలు మూసి ఉండడంతో కారం గాలిలోనే నిలబడి ఉంది. నువ్వులనూనె డబ్బా మూత తీసిన వాసన మాత్రం ఇప్పటికీ నాకు భయంతో కలిసే గుర్తొస్తుంది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే తలుపు మీద చప్పుడైంది.

కత్తిపీట ఆగింది. అందరం ఆగిపోయాం.

"ఆవకాయ పెడుతున్నారాండీ?" అన్నాడు బయటి నుంచి సూపర్‌వైజరు.

అమ్మ నూనె డబ్బా మూత మెల్లగా మూసింది.

"ఆవఘాటు వీధి మొదట్లోకి వస్తోంది. కాయలు కొట్టే చప్పుడు ఇప్పటిదాకా వినపడింది. రోజూ వచ్చి చూస్తున్నా, తాళం వేసిన ఇంటి ముందు రోజుకో కొత్త ముగ్గు ఉంటోంది. ఎవరు వేస్తున్నారండీ, నెమలి నుంచి వచ్చి?"

అమ్మ తల దించుకుంది. ఆ వేసవి అంతా మేం ఎన్ని జాగ్రత్తలు పడినా, ముగ్గు లేకుండా వాకిలి వదలడం అమ్మ వల్ల కాలేదు. చావు ఇంటికి తప్ప ముగ్గు మానకూడదని ఆవిడ పట్టుదల.

అత్తయ్య లేచింది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"తాళంచెవి ఏది?"

"వద్దక్కా," నాన్న గుసగుసగా అన్నాడు. "కాగితం తీసుకుంటే అంతే సంగతులు."

"తీసుకోకపోతే?"

మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసుకుని అత్తయ్య పెరట్లోంచి, గొడ్లపాకలోంచి వీధిలోకి వెళ్ళింది. తాళం తీసిన చప్పుడు లోపలికి వినిపించింది. తలుపులు బార్లా తెరిచేసరికి ఆ ఘాటంతా ఒక్కసారిగా వీధిలోకి వెళ్ళింది. సూపర్‌వైజరు గట్టిగా తుమ్మాడు.

"చేతులు కారంగా ఉన్నాయి, తుడుచుకుంటా ఆగండి," అంది అత్తయ్య. "మజ్జిగ తాగుతారా?"

నోటీసు మీద సంతకం పెట్టి తీసుకుంది. ఎంత తుడుచుకున్నా దాని మూల నూనె మరక పడింది. నన్ను పిలిచి పైకి చదవమంది. ఇంతకుముందు పంపిన నోటీసులు తిరిగి వచ్చినందున అని మొదలైంది అది. ఫలానా తేదీలోపు బాకీ కట్టకపోతే ముందు ఇంటి తలుపులు జప్తు చేస్తామని, ఆ తర్వాత ఇల్లు వేలం వేస్తామని రాసి ఉంది. తేదీ దగ్గరకొచ్చేసింది. అడిగితే ఇంకా గడువు ఇచ్చేవారమని సూపర్‌వైజరు అన్నాడు. మొదటి ఉత్తరం పంపినప్పుడే వచ్చి ఉంటే చాలా సులువుగా ఉండేదన్నాడు.

అతను వెళ్ళాక అత్తయ్య నాన్నతో అంది: "వాళ్ళిచ్చిన గడువులో సగం నువ్వు నెమలిలో ఉన్నావురా."

నాన్న మర్నాడు బ్యాంకుకు వెళ్తాడని అందరం అనుకున్నాం. ఆయన వెళ్ళలేదు. బదులుగా బాబాయి వచ్చాడు. నాన్నకు పినతండ్రి కొడుకు, పత్తి వ్యాపారి. బూందీ పొట్లం తెచ్చాడు. నాకూ తమ్ముడికీ చెరో గుప్పెడు పెట్టి, మంచం మీద కూర్చున్నాడు.

"నేనుండగా నీకు ఈ గతేంటన్నయ్యా? బ్యాంకుకి మొత్తం నేను కట్టేస్తా. ఇల్లు పేరుకే నా పేరున ఉంటది. మీరు ఇక్కడే ఉండండి. ఎప్పుడు కుదిరితే అప్పుడు నా డబ్బు ఇవ్వు, తిరిగి రాసేస్తా. మన ఇంటి తలుపులు వీధిలో మోసుకెళ్తుంటే నాకు మాత్రం తలెత్తుకునేలా ఉంటదా?"

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాన్న చాలా రోజుల తర్వాత నిటారుగా కూర్చున్నాడు. అత్తయ్య ఆ బూందీ ముట్టలేదు.

రిజిస్ట్రారాఫీసుకు వెళ్ళే రోజు పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బాబాయి రిక్షా వీధిలో నిలబెట్టి ఉంది. అత్తయ్య చాటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తూ గడప మీద కూర్చుంది. మేం గడప మీద కూర్చుంటే కేకలేసే మనిషి తనే కూర్చుంది. ఆమెను దాటకుండా ఎవరూ బయటికి వెళ్ళలేరు.

"పేరుకేనన్నావుగా," అంది బాబాయితో, తల ఎత్తకుండా. "అయితే ఇంకో కాగితం కూడా ఇవాళే రాయించు. ఇంత డబ్బు ఇస్తే ఇల్లు తిరిగి రాసిస్తానని. అదీ ఇవాళే రిజిస్టరు చేయించు."

"నామీద నమ్మకం లేదా అక్కయ్యా?"

"ఉంది కాబట్టే అడుగుతున్నా. లేకపోతే చాటతో కొట్టేదాన్ని."

"మీ ఇంటి విషయంలో జరిగింది వేరు. అతనెవరో పరాయివాడు."

"పరాయివాడు కాదు, మా ఆయన మేనబావ. అతను కూడా బూందీ తెచ్చాడు." అప్పుడు తలెత్తింది. "పేరుకేనని మా ఆయన సంతకం పెట్టాడు. ఆ ఏడు గడవకముందే మా సామాను వీధిలో ఉంది. పేరుకే రాశామని కోర్టులో చెప్తే, కాగితం మీద ఆ మాట ఎక్కడుందమ్మా అన్నారు. బ్యాంకు అయితే వేలం వేసి, దాని బాకీ పోను మిగిలింది మనకివ్వాలి. ఆ బావ మాకేం ఇచ్చాడు? బూందీ."

బాబాయి ముఖం ఎర్రబడింది. "అన్నయ్యా, వస్తున్నావా లేదా? ఆడవాళ్ళ మాట వింటావా?"

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక కాలికి చెప్పు ఉంది, ఇంకోటి తొడుక్కోలేదు. రిక్షావాడు బీడీ పారేసి పైకి చూశాడు. అత్తయ్య గింజలు తీస్తోంది. ఆవిడ గింజల్ని చాటలో వేసి చింతపండు పారేయడం నాకు కనిపించింది. నాన్నకు ఆవిడ ముఖమే కనిపించి ఉంటుంది. నాన్న తొడుక్కున్న చెప్పు విడిచి, వెనక్కి తిరిగి మధ్య గదిలోకి వెళ్ళిపోయాడు.

"రేపు తలుపులు పీక్కుపోతుంటే నన్ను పిలవొద్దు," అన్నాడు బాబాయి.

తలుపులు నిజంగానే తీసుకెళ్ళారు. సంతకం మానేశాడే తప్ప నాన్న బ్యాంకుకూ వెళ్ళలేదు. అక్క మీద కోపంతో గోడవైపు తిరిగి పడుకున్నాడు. గడువు దాటింది. ఒక మధ్యాహ్నం సూపర్‌వైజరు, ఇద్దరు బంట్రోతులు ఎడ్లబండితో వచ్చారు. వీధంతా అరుగుల మీదికి చేరింది. ఒక బంట్రోతు గడ్డపార తీసేసరికి వీధి చివర వడ్రంగం చేసే సాయిబు మామయ్య పరుగెత్తుకొచ్చాడు. ఆ తలుపులు చేసింది ఆయనే.

"గునపం పెడితే దర్వాజా పగులుద్ది సార్. ఆగండి, నేను తీసిస్తా." బందుల మేకులు ఒక్కొక్కటీ తీసి, రెక్కలు నేలకు ఆనకుండా మెడ మీద పెట్టుకుని దించాడు. మా ఇంటి వైపు చూడకుండానే పని చేశాడు.

అత్తయ్య బండి దగ్గరికి వెళ్ళింది. "తలుపులకు రసీదివ్వండి."

"తలుపులకు రసీదేంటమ్మా!"

"టేకు రెక్కలు రెండు, ఇత్తడి గొళ్ళెంతో సహా అని రాయండి. రేపు తిరిగొచ్చేటప్పుడు చింతకర్ర రెక్కలొస్తే?"

ఎవరో నవ్వారు. సూపర్‌వైజరు నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి రాసిచ్చాడు. బండి కదులుతుంటే ఒక రెక్క లోపలి వైపు తమ్ముడి ఎత్తూ నా ఎత్తూ కొలిచి గీసిన సుద్దగీతలు వీధంతటికీ కనిపించాయి. నాన్న బయటికి రాలేదు.

తలుపు లేని ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. అమ్మ పాత దుప్పటి కట్టింది. గాలికి అది నిలిచేది కాదు. కుక్క వచ్చి చల్ల కుండలో మూతి పెట్టేది. పక్కింటి కోళ్ళు మధ్య గదిలో తిరిగేవి. వీధిలో పోయేవాళ్ళు లోపలికి చూడకూడదనుకుంటూనే చూసేవారు. చూశాం కదా అని ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, "ఇవాళేం కూరండీ?" అని అడిగేవారు. నాన్న మొదట ధాన్యపు గుమ్మి వెనక కూర్చునేవాడు. అక్కడికీ కోళ్ళు వచ్చేవి. నెమలి వెళ్ళాడని చెప్పడానికి ఇక వీల్లేదు. మనిషి ఎదురుగా కనిపిస్తున్నాడు.

ఒక పొద్దున వీధిలోకి తిరిగి, అందరూ చూస్తుండగా గడ్డం గీసుకున్నాడు. ముఖం తుడుచుకుని, "అక్కా, పద," అన్నాడు.

బ్యాంకులో జరిగింది అత్తయ్య చెబితే విన్నాం. ఆ తర్వాత ఎన్నేళ్ళో, ఇలాంటి కాగితం పట్టుకుని మా అరుగెక్కిన ప్రతి మనిషికీ ఆవిడ అదే చెప్పింది. మేనేజరు అడిగాడట, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ?" అని. నాన్న, "ఇంట్లోనే ఉన్నానండి," అన్నాడట. ఆ వేసవిలో ఆయన చెప్పిన మొదటి నిజం అదే. అసలెంత, వడ్డీ ఎంత, జరిమానా ఎంత అని విడివిడిగా రాయించుకున్నారు. ఎంత ఇప్పుడు కడితే వేలం ఆపుతారో అడిగి, అదీ కాగితం మీద పెట్టించుకున్నారు. నోటి మాట మీద గుమ్మం దిగొద్దని అత్తయ్య అందరికీ చెప్పేది. మాట ఇచ్చిన మేనేజరు బదిలీ అయిపోతాడు, కాగితం బదిలీ అవదు, అనేది.

డబ్బుకు మిగిలిన దారి వినగడపలోని మెట్ట పొలం ఒక్కటే. తాతగారి భూమి అమ్మనని నాన్న మొండికేశాడు.

"ఇల్లు పోతే పోనీ, పొలం ఉంచుకుంటా."

"మంచిది. పిల్లల్ని ఏ సాలులో పడుకోబెడతావ్?"

మొదట అడిగినవాడికి ఇవ్వకుండా, తొందరలో ఉన్నామని ఎవరికీ తెలియనివ్వకుండా ముగ్గురు నలుగురిని అడిగి, అందులో కొంత అమ్మారు. వేలం ఆగింది. మిగతాది వాయిదాల మీద తీరింది. చెల్లించిన ప్రతిసారీ రసీదు. నాన్న మళ్ళీ తోటల జోలికి వెళ్ళలేదు. మెట్టలో మిగిలిన చెక్క సేద్యం చేసుకున్నాడు. ఆ భూమి పోయిన బాధ ఆయనకు చివరిదాకా ఉంది. అత్తయ్య అది లేదని ఎప్పుడూ అనలేదు.

చలి మొదలయ్యాక తలుపులు తెచ్చుకోమన్నారు. నాన్న వెంట నేనూ వెళ్ళాను. బ్యాంకు గోదాములో గోడ పొడుగునా తలుపులు ఆనించి ఉన్నాయి. కొన్నిటికి పసుపు బొట్లు ఇంకా ఉన్నాయి. ఒకదానికి ఎండిన మామిడాకుల తోరణం వేలాడుతోంది. ఏ ఇళ్ళవో, ఆ ఇళ్ళు ఏమయ్యాయో వాటి మీద రాసి లేదు. నాన్న సుద్దగీతలు చూసి మా రెక్కల్ని గుర్తుపట్టాడు. కాసేపు ఆ గీతల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. రసీదు చూపించి తెచ్చుకున్నాం.

సాయిబు మామయ్య రెక్కలు ఎక్కించి, ఇత్తడి గొళ్ళెం బిగించబోతే అత్తయ్య ఆపింది.

"అది వద్దు."

"గొళ్ళెం లేకపోతే తాళం ఎలా వేస్తావమ్మా?"

"లోపల గడియ చాలు. ఊరెళ్తే పెరటి తలుపుకి తాళం వేసుకుపోతాం. ముందు తలుపుకి తాళం పడితే మా తమ్ముడు మళ్ళీ నెమలి వెళ్తాడు."

నాన్న కూడా నవ్వాడు. అత్తయ్య అద్దె గదికి తిరిగి వెళ్ళలేదు. ట్రంకుపెట్టె మా ఇంట్లోనే ఉండిపోయింది.

"ముందు తలుపుకి తాళం వెయ్యలేదేంటి? బయల్దేరదాం," అన్నారు కారు దగ్గరి నుంచి బంధువులు.

"దానికి గొళ్ళెం లేదు," అన్నాను. లోపల గడియ పెట్టి పెరటి తలుపుకు తాళం వేసి, చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చాను. కారు ఎక్కకుండా ఎదురింటి పక్క సందులోకి నడిచాను. దొడ్డివైపు తలుపు తట్టి, ఎదురింటిదాన్నని చెప్పాను. చాలాసేపటికి ఆ ఇంటి అమ్మాయి తీసింది. వెనక ఆమె భర్త మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఫోను బోర్లించి పెట్టుకున్నాడు.

"ఎవరైనా అడిగితే ఏ ఊరెళ్ళారని చెప్పమంటారు?"

ఆ అమ్మాయి భర్త వైపు చూసింది. "విజయవాడ అనండి," అంది మెల్లగా.

"బ్యాంకుకి వెళ్ళారా?"

"లేదండి. తెలిసినాయన ఒకాయన మొత్తం కట్టేస్తానన్నారు. ఇల్లు పేరుకే ఆయన పేరున..."

నేను మంచం మీద కూర్చున్నాను. బయట కారు హారను మోగింది. సంతకం ఏదీ పెట్టొద్దన్నాను. గోడ మీద మిగిలిన ముక్కా, చింపిన ముక్కా దాచమన్నాను. నోటీసులో గడువు ఉంటుంది, ఆలోపు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు జవాబు చెప్పి తీరాలి అన్నాను. లెక్క విడివిడిగా రాయించుకోవాలి, వాయిదాలు మార్చమని రాసి అడగాలి, కుదరకపోతే వేలం దాకా ఆగకుండా బ్యాంకుకు చెప్పి మీరే మంచి ధరకు అమ్ముకోవాలి అన్నాను. కోర్టు దగ్గర ఉచితంగా సలహా చెప్పే వకీళ్ళు ఉంటారు, ఎల్లుండి నేనూ వస్తానన్నాను. ఇవేవీ నా మాటలు కావు. ఇల్లు నిలుస్తుందని చెప్పలేదు. అత్తయ్య కూడా ఎవరికీ అలా చెప్పేది కాదు.

"తాళంచెవి ఏది?" అన్నాను.

అతను చొక్కా జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. సందులోంచి వీధిలోకి వచ్చి వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను. అక్కడా ముగ్గు ఉంది, ఆ పొద్దుటిదే. తాళం కొత్తది, తేలిగ్గానే వచ్చింది. అది చేతిలో పట్టుకుని వెనక్కి తిరిగితే మా తలుపు కనిపించింది. ఒకప్పుడు గొళ్ళెం ఉన్న చోట నాలుగు మేకుల బెజ్జాలు అలాగే ఉన్నాయి.